రేఖీయ ప్రమేయం అర్థం చేసుకోవడం ఎలా? నూటికి రెండు రూపాయల వడ్డీతో మొదలుపెట్టి

తొమ్మిదో తరగతిలో రెండు చరరాశుల రేఖీయ సమీకరణాలు, పదిలో వాటి జతలు, ఇంటర్‌కి వచ్చాక సరళరేఖ మీద పెద్ద అధ్యాయం. ఇన్నేళ్లు చదివి, నిద్రలో లేపి అడిగినా "వై ఈక్వల్ టు ఎంఎక్స్ ప్లస్ సి" అని చెప్పగలిగే పిల్లల్ని "ఆ సి ఏమిటి?" అని అడగండి. "స్థిరరాశి సార్" అంటారు. "అది స్థిరంగా ఉండి ఏం చేస్తుంది?" అంటే నేల చూపులు. పిల్లల్ని అనడానికి లేదు. సూత్రం ముందు రాయించి, అది దేని గురించో తర్వాతెప్పుడో చెప్తే ఎవరికైనా అంతే. అందుకని ఇక్కడ వరస తిరగేద్దాం. లెక్క ముందు, గీత తర్వాత, పుస్తకంలోని సూత్రం ఆఖర్న.

పరీక్ష రాసే పిల్లలకైనా, వాళ్లకు చెప్పాల్సిన అమ్మానాన్నలకైనా పనికొచ్చేలా రాస్తున్నాను. ఒక గ్రాఫు కాగితం, స్కేలు, పెన్సిలు దగ్గర పెట్టుకోండి. ఒక అగరొత్తి కూడా కావాలి. అది ఆరో మెట్టులో.

1. ముందు రెండు సంఖ్యలు వెతకండి

మన ఊళ్లలో వడ్డీని ఏడాదికి ఇంత శాతం అని చెప్పుకోరు. "నూటికి రెండు" అంటారు. వంద రూపాయలకు నెలకు రెండు రూపాయలని అర్థం. బ్యాంకు భాషలో అది ఏడాదికి 24 శాతం. రెండు అంటే వినడానికి చిన్నగా ఉంటుంది, అక్కడే ఉంది మాయ. సరే, ఆ రేటుకి పదివేలు అప్పు తెచ్చారనుకోండి. నెలనెలా వడ్డీ కట్టకుండా, తీర్చేరోజున అసలూ వడ్డీ కలిపి ఒకేసారి ఇచ్చేట్టు మాట. చక్రవడ్డీ కాదు, బారువడ్డీ.

ఇప్పుడు రెండే ప్రశ్నలు. మొదట్లో ఎంత ఉంది? 10,000. ఒక్కో నెలకు ఎంత మారుతోంది? 200. అంతే, ప్రమేయం తయారైపోయింది:

తీర్చాల్సిన మొత్తం = 10,000 + 200 × నెలలు

ఏడు నెలలకు 11,400. ఆరున్నర నెలలకు 11,300. నెలలు ఎన్నో చెప్తే మొత్తం ఒక్కటే వస్తుంది, ఇచ్చినవాడు లెక్కేసినా తెచ్చినవాడు లెక్కేసినా అదే. అందుకే దీన్ని ప్రమేయం అంటాం. నెల పెరిగిన ప్రతిసారీ మార్పు ఒకేలా ఉంటుంది కాబట్టి రేఖీయం. మొదటి సంఖ్యను "మొదలు" అనీ, రెండోదాన్ని "అడుగు" అనీ పిలుచుకుందాం.

మాటల్లో ఇచ్చిన ఏ లెక్కలోనైనా ఈ రెండింటినే వేటాడండి. "చొప్పున", "ఒక్కో", "ప్రతి" అనే మాటల పక్కన అడుగు ఉంటుంది. "ముందుగా", "అడ్వాన్సు", "కనీస చార్జీ" లాంటి మాటల దగ్గర మొదలు ఉంటుంది. చాలాసార్లు ఉంటుంది, ప్రతిసారీ కాదు. ఈ లెక్క చూడండి: ఆటోకి మొదటి 2 కి.మీ.కి 40 రూపాయలు, ఆపైన కి.మీ.కి 15 చొప్పున. తొందరపడితే మొదలు 40 అని రాసేస్తాం. కానీ ఆ 40లోనే 2 కి.మీ. ప్రయాణం కలిసి ఉంది. కాబట్టి చార్జీ = 40 + 15 × (దూరం − 2). విప్పితే 10 + 15 × దూరం. అసలు మొదలు 10. ఆ పది రూపాయలు ఆటోవాడికి విడిగా ఎవ్వరూ ఇవ్వరు, ఎక్కడా రాసి ఉండదు. గీతను వెనక్కి సున్నా కి.మీ. దాకా లాగితే తగిలే సంఖ్య, అంతే. 2 కి.మీ. లోపు ఈ సూత్రం పనిచేయదు కూడా. అక్కడ ఎంత దూరమైనా 40 రూపాయలే.

2. పట్టిక వేసి తేడాలు చూడండి

సూత్రం ఇవ్వకుండా అంకెలు మాత్రమే ఇచ్చి "ఇది రేఖీయమా కాదా?" అని అడిగితే తేడాలు తీయడమే పని. మన అప్పులో ఏడాది ఏడాదికీ చూస్తే 10,000, 12,400, 14,800, 17,200. తేడాలు 2,400, 2,400, 2,400. మారలేదు, కాబట్టి రేఖీయం.

అదే అప్పు ఏడాదికోసారి వడ్డీని అసల్లో కలిపే చక్రవడ్డీ అయితే 10,000, 12,400, 15,376, 19,066 చిల్లర. తేడాలు 2,400, 2,976, 3,690. తేడాలే పెరిగిపోతున్నాయి, ఇది గీత కాదు. మొదటి ఏడాది రెండు పట్టికలూ ఒకేలా ఉన్నాయని గమనించారా? రెండు గడులు చూసి "రేఖీయమే" అని తేల్చేస్తే దొరికిపోతాం. కనీసం మూడు విలువలుంటే గానీ తీర్పు చెప్పకూడదు.

ఎడమ వరసలో ఎడాలు సమానంగా లేకపోతే తేడాలను ఊరికే చూస్తే సరిపోదు. 0, 2, 5, 10 నెలలకు మొత్తం 10,000, 10,400, 11,000, 12,000 అనుకోండి. తేడాలు 400, 600, 1,000. "మారుతున్నాయి, రేఖీయం కాదు" అని రాసి మార్కులు పోగొట్టుకునేది ఇక్కడే. నెలల తేడాలు 2, 3, 5. వాటితో భాగిస్తే మూడుచోట్లా 200 వస్తుంది. చూడాల్సింది తేడాను కాదు, తేడాల నిష్పత్తిని.

వడ్డీ లెక్కలో ఇంకో మెలిక ఉంది, పుస్తకాల్లో కనబడదు. ప్రాంసరీ నోటు మీద దావా వేయడానికి 1963 నాటి కాలపరిమితి చట్టం ప్రకారం మూడేళ్లే గడువు. అందుకే మూడేళ్లు నిండేలోపు నోటు తిరగరాయిస్తారు. అప్పుడు పేరుకున్న వడ్డీని కూడా అసల్లో కలిపి రాయించుకోవడం మామూలు. మన అప్పు 36 నెలలకు 17,200 అవుతుంది. కొత్త నోటు ఆ మొత్తానికే రాస్తే, నూటికి రెండు అనే రేటు మారకపోయినా నెలకు వడ్డీ 200 నుంచి 344కి ఎగురుతుంది. గ్రాఫులో చూస్తే 36వ నెల దగ్గర గీత ఒక్కసారి విరిగి ముందటికంటే నిటారుగా లేస్తుంది. రేటు అదే కదా అనుకునే మనిషికి ఆ విరుపు కనబడదు.

3. త్రైరాశికం ఎక్కడ చెల్లుతుందో తేల్చుకోండి

ఈ మెట్టు దగ్గర కాస్త ఎక్కువసేపు నిలబడదాం. రేఖీయ ప్రమేయాల్లో జరిగే తప్పుల్లో సగం ఇక్కడివే అని నా అభిప్రాయం.

త్రైరాశికం మనకు పాత చుట్టం. ప్రమాణరాశి, ఫలరాశి, ఇచ్ఛారాశి అని మూడు తెలిస్తే నాలుగోది వస్తుంది: ఫలరాశిని ఇచ్ఛారాశితో గుణించి ప్రమాణరాశితో భాగించు. 499 నాటి ఆర్యభటీయంలోనే ఈ సూత్రం ఉంది. మూడు కిలోల బియ్యం 180 అయితే ఐదు కిలోలెంత? 180 × 5 ÷ 3, అంటే 300. ఎంత అలవాటంటే, ఏ లెక్క కనబడ్డా చెయ్యి దానికదే ఈ పని చేసేస్తుంది.

ఇప్పుడు మన అప్పు. 4 నెలలకు 10,800 అయితే 8 నెలలకు ఎంత? త్రైరాశికం వేస్తే 21,600. అసలు జవాబు 11,600. పదివేల తేడా! ఎందుకు తప్పింది? నెలలు రెట్టింపయితే వడ్డీ రెట్టింపవుతుంది, అసలు రెట్టింపు కాదు. 10,800లో పదివేలు నెలలతో సంబంధం లేని డబ్బు. త్రైరాశికం దాన్ని కూడా నెలలతో పాటు లాక్కుపోయింది.

అదే ఒట్టి వడ్డీని అడిగితే ఇబ్బంది లేదు. 4 నెలల వడ్డీ 800, 8 నెలలకు 1,600. ఇక్కడ మొదలు సున్నా. గీత మూలబిందువు గుండా పోతుంది. దీన్నే అనులోమానుపాతం అంటాం.

కాబట్టి త్రైరాశికం వేసేముందు ఒక్క పరీక్ష: "సున్నా పెడితే సున్నా వస్తుందా?" సున్నా కిలోల బియ్యానికి సున్నా రూపాయలు, వేసుకోవచ్చు. సున్నా నెలలకు పదివేలు బాకీ, వేయకూడదు. మొదలు ఉన్నచోట త్రైరాశికం మొత్తానికి కాదు, మార్పుకి మాత్రమే చెల్లుతుంది.

ఇంజినీరింగు, డిగ్రీ గణితంలోకి వెళ్లేవాళ్లకో మాట. అక్కడ "రేఖీయ పరివర్తనం" అన్నప్పుడు మొదలు సున్నా అయితేనే ఒప్పుకుంటారు. బళ్లో రేఖీయం అని నేర్చుకున్న 10,000 + 200 × నెలలు అక్కడ రేఖీయం కాదు. మొదటి ఏడాది చాలామంది తికమక పడేది ఇందుకే. పిల్లలకు ఇప్పుడే చెప్పక్కర్లేదు.

4. గీత గీయండి, కానీ కంటిని నమ్మకండి

గ్రాఫు కాగితం మీద అడ్డంగా నెలలు, నిలువుగా రూపాయలు. మూడు బిందువులు పెట్టండి: 0 దగ్గర 10,000, 5 దగ్గర 11,000, 10 దగ్గర 12,000. గీతకు రెండు చాలు కదా అంటారేమో. చాలు. మూడోది సాక్షి. మూడూ ఒకే స్కేలు అంచుకి రాకపోతే ఏదో ఒకటి తప్పుగా లెక్కేశారని గీత గీయకముందే తెలుస్తుంది.

ఇక స్కేలు ఎంచుకోవడం. మొదట ఇలా గీయండి: అడ్డంగా సెంటీమీటరుకి ఒక నెల, నిలువుగా సెంటీమీటరుకి 2,000 రూపాయలు, కింద సున్నా నుంచి. గీత 5 సెం.మీ. ఎత్తున మొదలై పన్నెండు నెలలు పోయాక 6.2 సెం.మీ. దగ్గర ఆగుతుంది. దాదాపు పడుకున్నట్టే ఉంటుంది. ఇప్పుడు రెండో కాగితం మీద నిలువు అక్షం 10,000 నుంచి మొదలుపెట్టి, సెంటీమీటరుకి 200 రూపాయలు పెట్టండి. అదే అప్పు, అదే వడ్డీ, గీత మాత్రం సరిగ్గా 45 డిగ్రీల్లో పైకి దూసుకుపోతుంది.

అప్పిచ్చినవాడు మొదటి కాగితం చూపిస్తాడు, తెచ్చినవాడు రెండోది. ఇద్దరూ అబద్ధం చెప్పడంలేదు. టీవీల్లో, పేపర్లలో గ్రాఫు చూసినప్పుడు గీత కంటే ముందు నిలువు అక్షం ఏ సంఖ్య దగ్గర మొదలైందో చూడమని పిల్లలకు చెప్పండి.

అందుకే వాలును కంటితో కాదు, లెక్కతో చదవాలి. గీత మీద ఒక చోట నుంచి అడ్డంగా 5 నెలలు జరగండి, మళ్లీ గీత తగిలేదాకా ఎంత ఎక్కాలో చూడండి: 1,000 రూపాయలు. 1,000 ÷ 5 = 200. రెండు కాగితాల మీదా ఇదే వస్తుంది. మనం అడుగు అంటున్నదే పుస్తకాల్లో వాలు. దానికి ప్రమాణం రాయడం మరవకండి: నెలకు 200 రూపాయలు. ఒట్టి 200 అంటే అది నెలకో రోజుకో తెలియదు.

5. రెండు బిందువులుంటే గీత మొత్తం మీదే

నోటు పోయింది, అసలెంతో, రేటెంతో గుర్తులేదు. 4 నెలలప్పుడు 10,800 అన్నారు, 10 నెలలప్పుడు 12,000 అన్నారు, అంతే తెలుసు. ముందు అడుగు తీయండి: 6 నెలల్లో 1,200 పెరిగింది, నెలకు 200. తర్వాత మొదలు: 10,800లోంచి నాలుగు నెలల 800 తీసేస్తే 10,000. రేటు కూడా వచ్చేసింది, పదివేలకు నెలకు 200 అంటే నూటికి రెండు. ఎప్పుడూ ఇదే వరస: ముందు వాలు, ఆ తర్వాత వెనక్కి నడిచి మొదలు.

మన ఇళ్లలో రోజూ కనబడే ఇంకో రేఖీయ ప్రమేయం ఉష్ణోగ్రత. ఎండని సెల్సియస్‌లో చెప్పుకుంటాం, "రెంటచింతలలో నలభై నాలుగు" అని. జ్వరాన్ని మాత్రం ఫారన్‌హీట్‌లో చెప్పుకుంటాం, "నూట రెండు ఉంది" అని. ఒకదాన్నుంచి ఇంకోదానికి వెళ్లే సూత్రం బట్టీ పట్టక్కర్లేదు, రెండు బిందువులు గుర్తుంటే చాలు. నీళ్లు గడ్డకట్టేది సెల్సియస్‌లో 0 దగ్గర, ఫారన్‌హీట్‌లో 32 దగ్గర. మరిగేది 100, 212 దగ్గర. ఇటు వంద పెరిగితే అటు 180 పెరిగింది, వాలు 1.8. మొదలు 32.

ఫారన్‌హీట్ = 32 + 1.8 × సెల్సియస్

37 పెడితే 98.6, థర్మామీటరు మీద మనకు తెలిసిన అంకె. 44 డిగ్రీల ఎండ ఫారన్‌హీట్‌లో 111.2. వెనక్కి రావాలంటే చేసిన పనుల్ని తిరగేయాలి: ముందు 32 తీసేసి, ఆపైన 1.8తో భాగించాలి. 102 జ్వరం అంటే 70 ÷ 1.8, దాదాపు 38.9. వరస మార్చి ముందు భాగించేస్తే 24.7 వస్తుంది, ఒంటి వేడి అంత పడిపోతే ప్రాణానికే ముప్పు.

మూడో మెట్టులో చెప్పింది ఇక్కడ ఇంకా గట్టిగా తెలుస్తుంది. 2015 పారిస్ ఒప్పందంలో భూమి సగటు వేడి 1.5 డిగ్రీల సెల్సియస్‌కి మించి పెరగకుండా ప్రయత్నించాలని ఉంది. దీన్ని ఫారన్‌హీట్‌లోకి మార్చమంటే సూత్రంలో 1.5 పెట్టి 34.7 అని రాసేవాళ్లుంటారు. 34.7 డిగ్రీలు పెరిగితే ఇక చెప్పుకోవడానికి ఎవరూ మిగలరు. పెరుగుదల అంటే మార్పు, మార్పుకి మొదలుతో పనిలేదు. 1.5 × 1.8 = 2.7. అలాగే 40 డిగ్రీలు 20 డిగ్రీలకు రెట్టింపు వేడి కాదు. ఫారన్‌హీట్‌లో అవి 104, 68. ఆ రెండూ రెట్టింపులు కావు కదా.

రెండు కొలమానాల్లోనూ ఒకే అంకె చూపే వేడి ఉందా? రెండుచోట్లా ఒకే సంఖ్య పెట్టి చూడండి. సంఖ్య = 32 + 1.8 × సంఖ్య. జవాబు −40. ఎవరైనా "మైనస్ నలభై" అంటే "ఏ డిగ్రీలు?" అని అడగక్కర్లేదు.

6. తగ్గే గీత: అగరొత్తి వెలిగించండి

వాలు రుణాత్మకం అని చెప్తే పిల్లలకు ఎక్కదు. అగరొత్తి చూపిస్తే ఎక్కుతుంది. ఫ్యాను ఆపేసి, కిటికీ గాలి తగలని చోట అగరొత్తిని నిలబెట్టండి. పుల్ల వదిలేసి నల్లముద్ద పూసిన భాగం మాత్రమే కొలవండి. వెలిగించి, మంట ఆర్పి, నిప్పు రాజుకున్నాక సమయం మొదలుపెట్టండి. ఐదేసి నిమిషాలకోసారి స్కేలు పక్కన పెట్టి మిగిలిన పొడవు రాసుకోండి. బూడిద విరక్కుండా పైన నిలబడే ఉంటుంది, దాని కొస దాకా కొలిస్తే లెక్క చెడిపోతుంది. ఎర్రగా కనబడే నిప్పు దాకానే కొలవాలి.

ఇలా వచ్చాయనుకుందాం: మొదట్లో 18 సెం.మీ., ఐదు నిమిషాలకు 15.6, పదికి 12.9, పదిహేనుకి 10.5, ఇరవైకి 8.1. తేడాలు 2.4, 2.7, 2.4, 2.4. అచ్చంగా సమానం కాలేదు. కాదు కూడా, ముద్ద అంతటా ఒకే మందం ఉండదు, మన కొలతా అంత పక్కాగా ఉండదు. గ్రాఫు మీద బిందువులు పెట్టి, వాటి మధ్యగా పోయే గీత ఒకటి గీయండి. అన్నింటినీ కలపాలని వంకర తిప్పకండి. ఇరవై నిమిషాల్లో 9.9 సెం.మీ. పోయింది, అంటే నిమిషానికి సుమారు అర సెంటీమీటరు.

మిగిలిన పొడవు = 18 − 0.5 × నిమిషాలు

గీతను కిందికి పొడిగిస్తే అడ్డ అక్షాన్ని 36 దగ్గర తాకుతుంది. అగరొత్తి ఆరిపోయేది అప్పుడన్నమాట. నిలువు అక్షాన్ని తాకేచోటు ఎంత పొడవుతో మొదలైందో చెప్తే, అడ్డ అక్షాన్ని తాకేచోటు ఎప్పుడు అయిపోతుందో చెప్తుంది. రెండు అంతరఖండాలు, రెండు వేర్వేరు ప్రశ్నలకు జవాబులు. ఇంకో పదహారు నిమిషాలు ఆగి, నిజంగా అప్పుడే ఆరిందో లేదో చూడండి. పిల్లలు గణితాన్ని ఉత్కంఠతో చూసే అరుదైన సందర్భం ఇది.

అంతటితో ఆగకుండా, ఒక ప్లాస్టిక్ సీసాకు అడుగున చిన్న బెజ్జం పెట్టి నీళ్లు కారనివ్వండి. సమాన వ్యవధుల్లో నీటిమట్టం రాయండి. మొదట గబగబా దిగి, రాన్రాను నెమ్మదిస్తుంది. తేడాలు తగ్గుతూ పోతాయి. పైన నీళ్లు తగ్గేకొద్దీ బెజ్జంలోంచి దూకే వేగమూ తగ్గుతుందని పదిహేడో శతాబ్దంలో ఇటలీ శాస్త్రవేత్త టోరిచెల్లి చెప్పాడు. తగ్గేవన్నీ గీతలు కావు.

సెల్సియస్ గురించి ఒక సరదా సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. 1742లో ఆండర్స్ సెల్సియస్ పెట్టిన అసలు కొలమానంలో నీళ్లు మరిగేది 0 దగ్గర, గడ్డకట్టేది 100 దగ్గర! తర్వాతివాళ్లు తిరగేశారు. తిరగేయకుండా ఉంటే మన సూత్రం 212 − 1.8 × సెల్సియస్ అయ్యేది. ఎండ ముదిరేకొద్దీ అంకె తగ్గేది.

7. ఇప్పుడు పుస్తకం తెరవండి

వై = ఎం ఎక్స్ + సి. ఎక్స్ అంటే మన నెలలో, నిమిషాలో. వై అంటే మొత్తం. ఎం అడుగు, సి మొదలు. అక్షరాలు మారితే భయపడకండి, సి ఉండాల్సిన చోట బి రాసే పుస్తకాలూ ఉన్నాయి. ఎఫ్(ఎక్స్) అని రాసినా అదే వై.

తొమ్మిదో తరగతిలో కనబడే రెండో రూపం ఏఎక్స్ + బివై + సి = 0. ఇక్కడ ఉన్న సి, ముందటి సి ఒకటి కాదు. అక్షరం ఒకటే కావడం మన ఖర్మ. ఉదాహరణకు 3ఎక్స్ + 2వై − 12 = 0. ఇందులో సి −12 కాబట్టి గీత నిలువు అక్షాన్ని −12 దగ్గర తాకుతుందని రాసేవాళ్లు ప్రతి తరగతిలోనూ ఉంటారు. వైని ఒంటరి చేయండి: 2వై = 12 − 3ఎక్స్, వై = 6 − 1.5ఎక్స్. మొదలు 6, అడుగు −1.5. గీయడానికైతే ఇంకా తేలిక: ఎక్స్ సున్నా అయితే వై 6, వై సున్నా అయితే ఎక్స్ 4. రెండు బిందువులూ అక్షాల మీదే దొరికాయి.

వై = 5 లాంటిది అడ్డంగీత, వాలు సున్నా, అదీ ప్రమేయమే. ఎక్స్ = 5 నిలువుగీత. ఒక్క ఎక్స్‌కి లెక్కలేనన్ని వైలు, కాబట్టి ప్రమేయం కాదు, వాలు కూడా చెప్పలేం. రేఖీయ సమీకరణాలన్నీ రేఖీయ ప్రమేయాలు కావనడానికి ఉదాహరణ అడిగితే ఇదే రాయండి.

8. రెండు గీతలు కలిసేచోటు

ఒకాయన నూటికి రెండు చొప్పున ఇస్తానన్నాడు. ఇంకొకాయన నూటికి ఒకటిన్నరకే ఇస్తానన్నాడు గానీ, కాగితాల ఖర్చని ముందే 500 విడిగా తీసుకుంటాడు. పదివేలకు ఎవరి దగ్గర తేవాలి? మొదటాయన దగ్గర ఖర్చు 200 × నెలలు. రెండో ఆయన దగ్గర 500 + 150 × నెలలు. రెండూ సమానం చేస్తే 50 × నెలలు = 500, అంటే 10 నెలలు. అక్కడ ఇద్దరికీ 2,000.

పది నెలల్లోపు తీర్చేవాడికి రెండు రూపాయల వడ్డీయే చవక. పంటకో, చీటీ డబ్బుకో ముడిపెట్టి ఏడాది దాటేవాడికి ఒకటిన్నర చవక. "ఏది తక్కువ?" అనే ప్రశ్నకు ఎన్నాళ్లకో చెప్పకుండా జవాబు లేదు. వాలులు సమానమై మొదలులు వేరైతే గీతలు ఎప్పటికీ కలవవు, ఒకరి దగ్గరే ఎప్పుడూ చవక. వాలులూ మొదలులూ కూడా సమానమైతే రెండు గీతలూ ఒకదాని మీదొకటి పడతాయి. పదో తరగతిలో ఏకైక సాధన, సాధన లేకపోవడం, అనంత సాధనలు అని మూడు రకాలు చదివేది ఇవే.

9. గీత ఎంతదూరం చెల్లుతుందో కనుక్కోండి

సూత్రానికి అంతు ఉండదు, సరుకుకి ఉంటుంది. అగరొత్తి సూత్రంలో 40 నిమిషాలు పెడితే మిగిలిన పొడవు −2 వస్తుంది. స్ప్రింగు త్రాసుకి బరువు పెంచేకొద్దీ అదే లెక్కన సాగుతుంది, ఓ హద్దు దాటాక సాగిపోయి ఇక వెనక్కి రాదు. ఆకాశంలో పైకి పోయేకొద్దీ కి.మీ.కి 6.5 డిగ్రీల చొప్పున చల్లబడుతుందని, సముద్రమట్టం దగ్గర 15 డిగ్రీలుంటుందని విమానయానంలో ప్రామాణికంగా పెట్టుకున్నారు. 15 − 6.5 × ఎత్తు. 10 కి.మీ. దగ్గర −50 డిగ్రీలు. ఈ గీత 11 కి.మీ. దగ్గర −56.5 చేరి ఆగిపోతుంది, అక్కడి నుంచి 20 కి.మీ. దాకా ఆ ప్రమాణంలో వేడి మారదు. ఏ ప్రమేయం రాసినా పక్కనే "ఇక్కడి నుంచి ఇక్కడిదాకా" అని రాసుకోవడం అలవాటు చేసుకోండి. పుస్తకాల్లో ప్రదేశం అనేది దాన్నే.

మన దగ్గర దీన్ని డబ్బుతో నేర్పేది బోరుబండి. అడుగుకి (ఇక్కడ అడుగంటే వాలు కాదు, లోతు కొలిచే అడుగు) ఇంత అని ఒక రేటు చెప్తారు, లోతుకు పోయేకొద్దీ ఆ రేటు పెరుగుతుంది. రేట్లు ఊరికొకలా ఉంటాయి కాబట్టి తేలిక అంకెలు పెట్టుకుందాం: మొదటి 300 అడుగులకు అడుగుకి 100, తర్వాతి వంద అడుగులకు 110, ఆ తర్వాతి వందకు 125. 450 అడుగులకు నీళ్లు పడ్డాయి. బిల్లెంత?

మొదటి ముక్క 30,000. రెండోది 11,000. మూడో ముక్కలో 50 అడుగులు, 6,250. మొత్తం 47,250. అడుగుకి వందే కదా అని ఇంట్లో 45,000 సిద్ధం చేసుకున్నవాడికి 2,250 తక్కువ పడుతుంది.

మూడో ముక్కకి సూత్రం రాయండి: 41,000 + 125 × (లోతు − 400). విప్పితే 125 × లోతు − 9,000. మొదలు −9,000! సున్నా అడుగులు తవ్వితే బోరువాడే మనకు తొమ్మిది వేలిస్తాడని కాదు. ఈ గీత 400 దగ్గర పుట్టి 500 దగ్గర ముగుస్తుంది; −9,000 దాన్ని వెనక్కి లాగితే తగిలే చోటు, ఆటో లెక్కలో పది రూపాయల్లాగే. కేసింగు పైపుకి అడుగు లెక్కన వేరే రేటుంటుంది, దానికి ఇంకో గీత గీసుకుని పై మొత్తానికి కలుపుకోవాలి. బండి పిలిచేముందు "అడుగుకెంత?" అని ఊరుకోకుండా "ఆ రేటు ఎన్ని అడుగుల దాకా? ఆపైన వందకీ ఎంత పెరుగుతుంది? కేసింగు ఎన్ని అడుగులు పడొచ్చు?" అని అడిగి రాసుకుంటే, పై లెక్క ఇంట్లో కూర్చునే వేసుకోవచ్చు.